మమ్మల్ని డచ్చివారికి తిరిగి ఇచ్చెయ్యండి

కాకినాడలో ఇల్లెక్కడండీ అని అడిగినవాళ్ళకి జగన్నాథపురం అని చెప్తే ఒక్క క్షణం ఆగి, "ఓహో, వంతెన అవతలా!" అంటారు. ఆ అనడంలో దుబాయ్ వెళ్ళేవాణ్ణి సాగనంపేటప్పటి జాలి ఉంటుంది. మెయిన్ రోడ్డులో ఆటో ఎక్కినా అంతే. "వంతెన దిగాలాండీ? ఇంకో ఇరవై అవుద్దండీ." వంతెన దాటడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ ఇరవై వీసా ఫీజు అనుకుని ఇచ్చేస్తుంటాం. ఊరికి పెన్షనర్ల స్వర్గమని పేరు కదా, వంతెన కింద పారేది ఉప్పుటేరా, వైతరణా అని నాకు అప్పుడప్పుడూ అనుమానం.

నిజానికి ఒకప్పుడు మాది విదేశమే. ఏటికి ఇటుపక్క డచ్చివారి స్థావరం ఉండేది. 1824లో ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకుని, మరుసటేడు మమ్మల్ని వాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. మమ్మల్ని ఒక్కమాట అడగలేదు. మొన్న అమావాస్య దాకా ఆ సంగతి నేనూ పట్టించుకోలేదు.

డచ్చివారి దేశంలో సుమారు నాలుగోవంతు నేల సముద్రమట్టానికి కిందే ఉంది. గట్లు కట్టుకుని, నీళ్ళు తోడుకుంటూ వందల ఏళ్ళుగా హాయిగా బతుకుతున్నారు. మేం సముద్రానికి పైనే ఉన్నాం, కానీ మా డ్రైను ఆ మాట నమ్మదు. పోటు మీద ఏరు నిండితే వాననీరు అందులోకి దిగదు, వెనక్కి తిరిగి మా వీధికే వస్తుంది. అందుకే మా వీధిలో పంచాంగం చూసేది ముహూర్తాలకి కాదు, అమావాస్యా పౌర్ణములకి. మొన్న అమావాస్యా, వానా కలిసొచ్చాయి. పక్కింటి మామ్మగారు గడపలో కూర్చుని మెట్లు లెక్కపెడుతున్నారు. "రెండో మెట్టు మునిగిందిరా బాబూ, బియ్యం డబ్బా మంచమెక్కించు." మూడోది మునిగేలోపు ఆటు మొదలైంది, బతికిపోయాం.

మర్నాడు ఒక ఇంజనీరుగారు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి, పరిశీలనగా చూసి, "తప్పు డ్రైనుది కాదండీ, చంద్రుడిది" అని తేల్చారు. శాస్త్రప్రకారం కాదనలేం. చంద్రుడి మీద అర్జీ ఏ కౌంటర్లో తీసుకుంటారో మాత్రం చెప్పలేదు.

2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి జాబితాలోని 20 నగరాల్లో కాకినాడ పేరు వచ్చిన రోజు మా వీధిలో కూడా కాజాలు పంచుకున్నాం. "వంతెన ఇవతల కూడానా?" అని మామ్మగారు అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. అందరి నోట్లోనూ కాజా ఉంది.

కాబట్టి 1825 నాటి అప్పగింతను రద్దుచేసి మమ్మల్ని డచ్చివారికి తిరిగి ఇచ్చెయ్యాలని సవినయంగా మనవి. మామ్మగారికి డచ్చిభాష రాదు, మెట్లు లెక్కపెట్టడానికి దాంతో పనీ లేదు. షరతు ఒక్కటే, కాజాల కోసం వంతెన అలాగే ఉంచాలి. ఆటోవాళ్ళు ఇరవై కాదు, నలభై అడిగినా ఇస్తాం. అప్పుడది నిజంగానే విదేశం కదా.