కేస్ షీట్ గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ కేస్ షీట్ గారికి,
రికార్డు రూమ్, మెట్ల కింద, సెలైన్ అట్టపెట్టెల వెనక.

ఉద్దానం నుంచి మా నాన్న తరఫున నమస్కరించి రాయునది. ‘మేమిక్కడ క్షేమం’ అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ అలా రాస్తే రేపు దాన్ని కూడా ఫైల్లో పెట్టి నాన్న వైకల్యంలో ఇంకో పది శాతం కోసేస్తారేమోనని భయం. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను.

నాన్న వికలాంగుల పింఛను నిలబడాలంటే ఆయన పాత ఆపరేషన్‌కి సాక్ష్యంగా తమరే కావాలన్నారు కాబట్టి నిన్న తమరి దర్శనానికి వచ్చాం. అంతకుముందు నేనొక్కడినే వచ్చి అడిగితే, "పేషెంట్ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలండీ. తీసుకురండి, ఈలోపు షీట్ తీసి ఉంచుతాం" అని కౌంటర్‌లో మాటిచ్చారు. సరేనని నాన్నని పలాసలో రైలెక్కించి, విశాఖలో దింపి, ఆటోలో కూర్చోబెట్టి తమరి గుమ్మం దాకా తెచ్చాను. అక్కడ ర్యాంప్ ఉంది, కాదనను. దాని మీద జనరేటర్ పెట్టారు. మెట్ల మీదుగా నేనూ ఆటో అతనూ చెరో రెక్క పట్టుకుని ఎక్కించాం. సంతకం పెట్టించుకున్నారు. టీ తాగి రమ్మన్నారు. తర్వాత భోంచేసి రమ్మన్నారు. సాయంత్రం నాలుగు దాటాక రికార్డులు చూసే కుర్రాడు వచ్చి, "మూడేళ్లు దాటినవి ఉంచమండీ. మీది 2012ది కదా, ఎప్పుడో తీసేసుంటారు" అన్నాడు.

"మరి సంతకం దేనికి పెట్టించుకున్నారు బాబూ?"

"అది రిక్వెస్ట్ ఫారమండీ. అది మాత్రం మూడేళ్లు ఉంచుతాం."

కుర్రాడిని అనడానికేం లేదు. డాక్టర్ల కోసం మెడికల్ కౌన్సిల్ 2002లో పెట్టిన నిబంధనలే అలా ఉన్నాయి. ఆసుపత్రిలో చేరిన మనిషి రికార్డు మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అంటే తమరి ఆయుష్షు మూడేళ్లు. నాన్న వెన్నుకి తగిలిన దెబ్బ మాత్రం ఆయనున్నన్నాళ్లూ ఉంటుంది. ఆ దెబ్బకి సాక్ష్యం తమరే కావాలంటున్నారు. ఈ లెక్క కట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి ఏ పింఛనూ ఆగి ఉండదు.

తమరికి గుర్తుందో లేదో, నాన్న కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డాడు. నడుము దగ్గర వెన్నుపూస విరిగింది. తమరి ఆసుపత్రిలోనే రాడ్లు వేసి, స్క్రూలు బిగించారు. మరుసటేడు వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో 75 శాతం వైకల్యం, పర్మనెంట్ అని రాసిచ్చారు. పర్మనెంట్ అంటే మళ్ళీ వెరిఫికేషన్ వచ్చేదాకా అని మాకు 2025లో తెలిసింది. ఈసారి 35 వేశారు. 40 కన్నా తగ్గితే ఆరు వేల పింఛనుకి అర్హత లేదు కాబట్టి సచివాలయం నుంచి నోటీసు వచ్చింది. వాళ్ల లెక్కన పన్నెండేళ్లలో నాన్న సగానికి పైగా బాగయ్యాడు. మా ఇంట్లో ఎవరం గమనించలేదు.

ఆ 35 ఎలా వచ్చిందో కూడా చెప్తాను. కండరాల బలానికి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. డాక్టరు గారు తల ఎత్తి "ఎలా ఉన్నారు?" అన్నారు. మా నాన్నేమో పెద్దవాళ్ల ముందు కూర్చుని మాట్లాడని తరం మనిషి. "తమ దయ వల్ల బాగానే ఉన్నాను బాబూ" అన్నాడు. "నడవండి చూద్దాం" అంటే, చేతికర్ర గోడకి ఆన్చి, పళ్ళు బిగబట్టి, టేబుల్ దాకా అడుగులేశాడు. తిరిగి రాలేక ఆ టేబులే పట్టుకుని నిలబడిపోయాడు. అప్పటికే డాక్టరు గారు రాయడం అయిపోయింది, ఇంకో పేరు పిలిచేశారు. వెనక వరండా నిండా జనం, ఆయన మాత్రం ఏం చేస్తారు. ఇంటికొచ్చాక రెండ్రోజులు నాన్న మంచం దిగలేదు. దానికి మార్కుల్లేవు.

ఎంపీడీఓ ఆఫీసులో అపీలు పెట్టాం. వేరే ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష అన్నారు, తేదీ ఇచ్చారు. "పాత కాగితాలన్నీ తెచ్చుకోండి, ముఖ్యంగా ఆపరేషన్ కేస్ షీట్" అని కూడా చెప్పారు. తమరి మీద మా బెంగ అక్కడ మొదలైంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్‌లో సర్టిఫికెట్ మీద అపీలు చేసుకునే హక్కు ఇచ్చారు. హక్కుతోపాటు ఒక ఇనప బీరువా కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. ఎందుకంటే మా దగ్గరున్న డిశ్చార్జి కాగితం 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి రేకులతో పాటే పోయింది. పెట్టెలో మిగిలిన స్కానింగు రిపోర్టు ముద్దయింది. బిల్లులు మిగిలాయి గానీ అవి మెషీన్‌లోంచి వచ్చే నున్నటి కాగితాలు. ఎండకి పట్టి చూస్తే చివర "థాంక్యూ" ఒక్కటే కనిపిస్తోంది.

మొన్న తీయించిన ఎక్స్-రేలో మాత్రం నాన్న వెన్నులో రెండు రాడ్లూ, నాలుగు స్క్రూలూ తెల్లగా మెరుస్తున్నాయి. ఎంపీడీఓ ఆఫీసులో చూపించాను. "రాడ్లున్నాయి, సరే. ఎందుకు వేశారో, అప్పుడు నరం ఎంత దెబ్బతిందో ఇందులో లేదు కదండీ" అన్నారు. నిజమే. సరదాకి వేయించుకున్నాడేమో!

పోనీ తమరు లేరు. లేరని ఒక కాగితం ఇమ్మన్నాను. "ఈ పేషెంట్ ఫలానా తేదీన మా దగ్గర ఆపరేషన్ చేయించుకున్నారు, రికార్డు మా దగ్గర లేదు" అని రెండు లైన్లు, కింద ముద్ర. దానికి కుర్రాడు మేనేజరు దగ్గరికి, మేనేజరు ఫోన్లోకి వెళ్లారు. కాసేపటికి జవాబు వచ్చింది. రికార్డు లేదు కాబట్టి ఇక్కడ ఆపరేషన్ జరిగిందని రాసివ్వలేరట. ఆపరేషన్ జరిగిందని తేలలేదు కాబట్టి దాని రికార్డు లేదని కూడా రాసివ్వలేరట. కావాలంటే లెటర్ పెట్టుకోమన్నారు, పరిశీలిస్తారట. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ ఒకటే అంది: "నేదని రాయడానికి ఆళ్లకేటి నొప్పిరా?"

ఇంతసేపూ గారు, తమరు అంటూ రాశాను. ఇక నావల్ల కాదు. నువ్వు కాగితానివి. నిన్ను ఎవరో చిత్తుకింద అమ్మేశారు, ఏ పకోడీల బండి దగ్గరో నీలో నూనె పీల్చి పారేసి ఉంటారు. దాని గురించి నాకు బాధ లేదు. మనిషి ఎదురుగా నిలబడలేక టేబుల్ పట్టుకుంటే అది కనపడదా? నువ్వొచ్చి చెప్తేనే కనపడుతుందా? మా నాన్న కాళ్లకన్నా నీ మాటకి విలువెక్కువైపోయింది చూడు, అదీ నా కడుపుమంట. వచ్చే సోమవారం శ్రీకాకుళం కలెక్టరేట్‌లో అర్జీ పెడుతున్నాను. అందులో నిన్ను మొదటి ముద్దాయిగా రాయమంటే అక్కడ అర్జీలు రాసే పెద్దాయన నవ్వాడు.

ఇట్లు,
పేషెంట్ కొడుకు

తా.క.: రాత్రి అమ్మ ట్రంకుపెట్టె అడుగున నీ చుట్టమొకటి దొరికింది. ఆపరేషన్‌కి ముందు మేము కట్టిన అడ్వాన్సు రసీదు. పెన్నుతో రాసింది, ఆసుపత్రి ముద్ర, తేదీ, నాన్న పేరు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. జబ్బేమిటన్నది మాత్రం అందులో లేదు. ఫైల్లో పెట్టాను.