నిఘా ఎవరి మీద, ఎవరి కోసం?

విడాకుల కేసు పిల్లల కస్టడీ దగ్గరికి వచ్చేసరికి ఈమధ్య లాయర్ ఫీజుకు తోడు ఇంకో ఖర్చు వచ్చి చేరుతోంది, ప్రైవేట్ డిటెక్టివ్ ఫీజు. రోజుకింత అని మాట్లాడుకుంటారు, ఊరు దాటితే ఇంకొంత, రాత్రిళ్లు కాపు కాస్తే మరికొంత. ఆ డబ్బు పెట్టేవాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. తాగి బండి నడిపే మనిషి దగ్గరికి ప్రతి ఆదివారం కొడుకును పంపాల్సిన తల్లి టెన్షన్ మాకు అర్థమవుతుంది. కూతురు అమ్మ దగ్గరుందని కాగితాలు చెబుతున్నా, నిజానికి ఎవరింట్లోనో పెరుగుతోందని అనుమానం వచ్చిన తండ్రి బాధా తక్కువేం కాదు. పోలీసులు ఇవి ఇంటి గొడవలంటారు, చుట్టాలు సాక్ష్యానికి రారు. అలాంటప్పుడు ఎవరో ఒకరిని పెట్టుకుంటారు.

మా పేచీ అంతా ఆ డబ్బు పెట్టి తెప్పిస్తున్న సరుకు గురించే. ఫైలు తెరిస్తే ఏముంటుంది? ఫలానా రాత్రి పదకొండింటికి ఇంటి ముందు తెల్ల కారు ఆగింది, నంబరు ఇదీ. ఫలానా రెస్టారెంట్‌లో ఒకతనితో కూర్చుంది, ఇవిగో ఫొటోలు. పేజీలు తిప్పుతూనే ఉంటాం, పాప మాత్రం ఎక్కడా కనిపించదు. పొద్దున స్కూల్ బస్సు ఎక్కిస్తున్నదెవరు, జ్వరమొస్తే సెలవు పెట్టేదెవరు, పిల్లను ఇంట్లో ఒక్కదాన్నే వదిలేసి వెళ్తున్నారా, ఇవేవీ ఉండవు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమైనా, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టమైనా జడ్జిని ముందుగా చూడమన్నది పిల్లల క్షేమాన్ని, పెద్దవాళ్ల క్యారెక్టర్ లెక్కలోకి వచ్చినా ఆ క్షేమం కోసమే. బొంబాయి హైకోర్టు 2024లో ఈ సంగతి సూటిగానే చెప్పింది: వివాహేతర సంబంధం విడాకులకు కారణమైతే కావచ్చు గానీ, దాన్ని చూపించి తల్లికి కస్టడీ లేదనడం కుదరదని.

2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత మాత్రం చాలామంది ఇక ఏ రికార్డింగైనా చెల్లుతుందని అనుకుంటున్నారు. భార్యాభర్తల కేసులో ఒకరికి తెలియకుండా మరొకరు రికార్డు చేసిన తమ సంభాషణను సాక్ష్యంగా తీసుకోవచ్చన్నదే అందులోని విషయం, అద్దెకు తెచ్చుకున్న మూడో మనిషి ఎవరి ఫోన్లోనైనా దూరొచ్చని కాదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంతకు చాలా ఏళ్ల ముందే, భార్య తన వాళ్లతో మాట్లాడుతుంటే భర్త దొంగచాటుగా రికార్డు చేయడం ఆమె ప్రైవసీ మీద దాడేనంది. పరాయివాళ్లు ఎప్పుడు ఎవరికి ఫోన్ చేశారో చెప్పే కాల్ రికార్డులు కొనడం మరీ ప్రమాదం, 2018లో ఠాణే పోలీసులు ఈ ఆరోపణ మీదే ప్రైవేట్ డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు.

అన్నిటికంటే మాకు మింగుడుపడనిది పిల్లలను వాడుకోవడం. స్కూల్ బ్యాగులో ట్రాకర్ పెట్టడం, వీడియో కాల్ మాట్లాడుతుంటే పక్కన ఇంకో ఫోన్‌తో రికార్డు చేయడం, ఆదివారం సాయంత్రం గడప దాటి లోపలికి రాగానే "అక్కడికి ఎవరెవరు వచ్చారు నాన్నా?" అని కూపీ లాగడం. డిటెక్టివ్‌కైతే ఫీజన్నా ఇస్తారు, ఆరేళ్ల పిల్లాడితో ఆ పని ఊరికే చేయిస్తున్నారు!

ఇందులో ప్రభుత్వ నిర్లక్ష్యం కూడా ఉంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌ను పెట్టే సెక్యూరిటీ ఏజెన్సీకి 2005 చట్టం ప్రకారం లైసెన్స్ కావాలి. అదే గేటు బయట కారులో కూర్చుని మన పిల్లలను ఫొటోలు తీసే ఏజెన్సీకి అలాంటిదేమీ అక్కర్లేదు. డిటెక్టివ్ ఏజెన్సీల మీద 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాకుండానే పోయింది. కేంద్రం దాన్ని కొత్తగా రాసి తేవాలి.

అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలోని 14వ సెక్షన్ ఎలాంటి రిపోర్టునైనా పరిశీలించే వెసులుబాటు జడ్జికి ఇచ్చింది, 12వ సెక్షన్ సంక్షేమ నిపుణుల సాయం తీసుకోవచ్చంది, 21వ సెక్షన్ కింద రూల్స్ పెట్టే అధికారం హైకోర్టులకు ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు ఒక రూల్ పెడితే చాలు: డిటెక్టివ్ రిపోర్టు ఇచ్చేవారు దాన్ని ఎవరు, ఎలా సేకరించారో అఫిడవిట్‌లో చెప్పాలి, సేకరించిన మనిషి బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి, పిల్లలతో సంబంధం లేని పేజీలను కస్టడీ ఫైల్లోంచి తీసేయాలి.