సజీవ మట్టి గారూ, ఇంకెన్నాళ్లండీ?

మహారాజశ్రీ సజీవ మట్టి గారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నిజానికి కుశలమంతా మీ దగ్గరే ఉంది. సూక్ష్మజీవులే మొక్కకు తిండి వండిపెట్టే మట్టి మిశ్రమమని పేరుపడ్డ మీరు టబ్బులో వెచ్చగా పడుకున్నారు. ఈ మధ్యాహ్నం థర్మామీటర్ గుచ్చి చూస్తే 41 డిగ్రీలు! మూత తీశానో లేదో అమ్మోనియా ఘాటు నేరుగా నడినెత్తికెక్కింది. ఇవాళ నారు నాటాలి. ఈ తేదీ నేను పెట్టింది కాదు, మీ తరఫు పెద్దలు, అంటే మిమ్మల్ని కలుపుకొమ్మని నాకు సలహా ఇచ్చినవాళ్లు పెట్టిందే. దీనికి ముందు తప్పిపోయిన తేదీ కూడా వాళ్లు పెట్టిందే.

"ఏముందండీ, రెండు వారాలు మాగనిస్తే చాలు" అన్నారు మొదట్లో. తర్వాత "నెలయితే ఇంకా మంచిది" అన్నారు. ఇప్పుడేమో "తయారైతే మట్టే చెబుతుంది, తొందరపడకండి" అంటున్నారు. మీరు చెబుతూనే ఉన్నారు మహాప్రభో, అమ్మోనియా భాషలో.

అవతల లైటు కింద టమాటా నారు నిలబడి ఉంది. నిలబడి అంటే, ఒకదాని మీద ఒకటి వాలి. కప్పుల అడుగున వేర్లు చోటు చాలక సుడులు తిరిగాయి. కింది ఆకులు పసుపెక్కాయి. గదిలో ఎండ రాదని లైటు, గాలి ఆడదని ఫ్యాను, నాకు గుర్తుండదని టైమరు కొన్నాను. అవన్నీ ప్లగ్గు పెట్టిన క్షణం నుంచి పనిచేస్తున్నాయి. ప్రాణం లేని వస్తువులన్నీ డ్యూటీలో ఉన్నాయి. ప్రాణం ఉందని పేరులోనే రాసుకున్న మీరొక్కరే ఇంకా రాలేదు.

మీకు నేనేం తక్కువ చేశానో కాస్త చెప్పండి. మూడో వంతు కొబ్బరి పొట్టు కావాలన్నారు. ఇటుకలా గట్టిగా వచ్చినదాన్ని నానబెట్టి, విడదీసి, గోధుమరంగు నీళ్లు వంపుతూ కూర్చున్నాను. అదంతా అయ్యాక చెప్పారు, అందులో సోడియం, పొటాషియం తిష్ఠ వేసుకుని ఉంటాయని, కాల్షియం కనబడితే లాక్కుని వేర్లకు దక్కనివ్వవని. దానికి విరుగుడుగా కాల్షియం ఇచ్చే జిప్సం. ఇంకో మూడో వంతు, గాలి ఆడేందుకు పెర్లైట్. అగ్నిపర్వతపు గాజును 900 డిగ్రీల దగ్గర కాలిస్తే లోపలి నీరు ఆవిరై ఉబ్బిపోయే పదార్థమది. అందులో పోషకాల్లేవు, పురుగూ పుట్రా లేవు. సజీవం అని బిరుదు తగిలించుకుని ఒంట్లో మూడో వంతు కాల్చిన గాజు నింపుకున్నవారిని మిమ్మల్నే చూశాను. కలిపేటప్పుడు దాని దుమ్ము మాస్కు లేనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కలిపాక, నీళ్లు పోసినప్పుడల్లా పైకి తేలుతుంది. మిగతా మూడో వంతు వర్మీకంపోస్ట్. వీటి మీద వేపపిండి, ఎముకల పొడి, సముద్రపు నాచు పొడి, రాతి పొడి. రాతి పొడి పూర్తిగా కరిగి మొక్కకు అందడానికి ఏళ్లు పడుతుందట. ఈ టబ్బు తదనంతరం ఎవరికి చెందాలో వీలునామా కూడా ఇప్పుడే రాసేయమంటారా?

నీళ్ల విషయంలోనూ మీది రాజభోగమే. కుళాయి నీళ్లు నేరుగా పోయకూడదు, క్లోరిన్ మీ సూక్ష్మజీవులకు పడదు. రాత్రంతా బకెట్లో నిలవుంచాలి. నీళ్లలో క్లోరిన్‌లా తొందరగా ఎగిరిపోని క్లోరమిన్ కలిపి ఉంటే ఒక రాత్రి ఉంచినా లాభం లేదు. మిమ్మల్ని గుప్పెట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార రాకూడదు, పొడిగా రాలకూడదు. ఇంట్లో నా ఆకలి గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లు లేరు.

ఇవన్నీ వదిలేస్తాను. వదలలేనిది ఒక్కటే, మీ మాగుడు.

లోపల జరిగేది నాకు తెలియక కాదు. వేపపిండిలోని ప్రొటీన్ల మీద బ్యాక్టీరియా, శిలీంధ్రాలు ఎగబడతాయి. తినేటప్పుడు వేడి పుడుతుంది, నైట్రోజన్ అమ్మోనియాగా బయటపడుతుంది. ఈ మొదటి బ్యాచ్‌కి ఓపిక తక్కువ, ఆకలి ఎక్కువ. అందులో చాలామంది గంటల్లో రెట్టింపైపోతారు. ఆ ఘాటులో లేత వేరు పెడితే మాడిపోతుంది. అందుకని రెండో బ్యాచ్ దిగాలి. వీళ్లలో ఒక వర్గం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో వర్గం దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ అయ్యాక మొక్క హాయిగా తీసుకుంటుంది.

ఈ రెండో బ్యాచ్‌వాళ్ల పద్ధతులే వేరు. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త వీళ్లను విడిగా పెంచాలనుకున్నప్పుడు, మామూలుగా బ్యాక్టీరియాకు పెట్టే సేంద్రియ తిండి తీసేస్తే గానీ పని జరగలేదు. వీళ్లకు విందులు అక్కర్లేదు. అమ్మోనియా నుంచి శక్తి లాక్కుని, గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌తో ఒళ్లు కట్టుకుంటారు. అంత కష్టపడి బతికేవాళ్లు కాబట్టి నింపాదిగా పెరుగుతారు. ఒక్కసారి రెట్టింపు కావడానికే రోజు పైన పట్టొచ్చు. సరే, కష్టజీవుల మీద నాకేం కోపం లేదు. చలికి పనిచేయరంటే గది వెచ్చగా ఉంచాను. పులుపెక్కితే పనిచేయరంటే పీహెచ్ చూశాను, బాగానే ఉంది. అయినా వాళ్లు రావడం లేదు. ఎందుకంటే 40 డిగ్రీలు దాటిన చోట వాళ్లు నిలబడలేరు. మొదటి బ్యాచ్ ఎంత హుషారుగా తింటే రెండో బ్యాచ్ అంత దూరం జరుగుతుంది. చల్లారతారేమోనని తిరగేస్తే, గాలి తగిలి మళ్లీ వేడెక్కుతారు. కదపకుండా వదిలేస్తే, గాలి అందక కుళ్లు కంపు కొడతారు. ఇంతకీ నేను మిమ్మల్ని తాకాలా, వద్దా?

ఇక్కడిదాకా ఓర్చుకున్నాను. ఈ మధ్యాహ్నం తెలిసిన సంగతికే కడుపు మండింది. వేపకు ఈ రెండో బ్యాచ్‌ను మందగింపజేసే గుణం ఉందట! యూరియాకు వేపనూనె పూత పూసేది కూడా అందుకేనట, నైట్రోజన్ గబగబా నైట్రేట్‌గా మారి నీళ్లతో కొట్టుకుపోకుండా. పొలంలో యూరియాకు అది వరమే. కానీ ఇక్కడ, నా టబ్బులో, నా నారు పసుపెక్కుతుండగా, ఎవరి కోసం మనం నెలల తరబడి ఎదురుచూస్తున్నామో వాళ్లకే జోకొట్టి నిద్రపుచ్చే పిండిని తప్పనిసరి సరుకుల జాబితాలో మొదట రాసిపెట్టారు.

ఏమయ్యా, నీకేమైనా బుద్ధుందా? వంటవాళ్లను పిలిపించి, పొయ్యి వెలిగించి, వాళ్ల చేతులు కట్టేసి, వడ్డన ఆలస్యమైందని ఆకలితో ఉన్నవాళ్లకు ఓర్పు గురించి ఉపన్యాసం ఇస్తావా? ఒక్క మాట ముందే చెబితే నీ సొమ్మేం పోయింది? వర్మీకంపోస్ట్ బస్తా మీద "వాడకానికి సిద్ధం" అని అంత పెద్ద అక్షరాలు వేయించుకున్నావే, కింద చిన్న అక్షరాల్లోనైనా "వేపపిండి కలిపితే ఇంకా ఆలస్యం" అని వేయించుకోలేకపోయావా? "మొక్కకు కాదు, మట్టికి తిండి పెట్టు" అని మీవాళ్లంతా పాట పాడుతుంటారు. పెట్టాను కదా. నీకు పెట్టినంతా పెట్టాను. నువ్వు తిని, వేడెక్కి, పడుకున్నావు. పిల్ల మొక్కలు పస్తులున్నాయి. నా నోట్లో మట్టి కొట్టారు అంటే ఏమిటో ఇన్నాళ్లకు పూర్తిగా అర్థమైంది.

క్షమించాలి. పెద్దవారు. ఆవేశంలో ఏకవచనం దొర్లింది.

మైకోరైజా పొడి గురించి కూడా రెండు మాటలు. వేర్లతో శిలీంధ్రం చేసే చెలిమికి 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. శిలీంధ్రం ఫాస్ఫరస్ వెతికి తెచ్చి ఇస్తుంది, మొక్క బదులుగా చక్కెరలు ఇస్తుంది. చక్కటి ఒప్పందం. అయితే మట్టిలో ఫాస్ఫరస్ ముందే దండిగా ఉంటే మొక్క ఆ ఒప్పందానికి సంతకం పెట్టదు. ఫాస్ఫరస్ నిండిన ఎముకల పొడి మరో రెండు గుప్పిళ్లు వేయమన్నవారూ, మైకోరైజా డబ్బా కొనమన్నవారూ ఒక్కరే. ఆ డబ్బా ఎందుకు కొనిపించారో వాళ్లకే తెలియాలి.

ఇక మీ వెంట వచ్చిన చుట్టాలు. చిన్న నల్ల ఈగలు. కంపోస్టులో గుడ్ల రూపంలో దిగి, తడి ఆరని మీ పైపొరలో కాపురం పెట్టి, ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు పెట్టేవి. పిల్ల పురుగులు బూజు తింటాయి, అది చాలకపోతే వేర్ల నూగు తింటాయి. పెద్దవి నా మొహం చుట్టూ తిరుగుతాయి. పసుపు జిగురు కాగితాలు వేలాడదీశాను. అక్కడితో ఆగకపోతే, 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దొరికిన, పిల్ల పురుగులను చంపే ఒక బ్యాక్టీరియాను నీళ్లలో కలిపి పోయాలట. మీలో ఉన్న ప్రాణులతో వేగలేక ఇంకో ప్రాణిని తెచ్చుకోవాలన్నమాట.

అయినా ఒక నిజం చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఇందాక విసుగుతో టబ్బు అడుగు దాకా తిరగేస్తుంటే, ఒక మూల మట్టి మాత్రం చల్లగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అమ్మోనియా లేదు. తొలకరి వాసన. స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా చేసే పదార్థమది, 1965లో దానికి జియోస్మిన్ అని పేరు పెట్టారు. లక్ష కోట్లలో కొన్ని పాళ్లున్నా మనిషి ముక్కు కనిపెట్టేస్తుంది. తెలిసే పీల్చాను, ఒకటికి రెండుసార్లు పీల్చాను. సన్నని తెల్ల దారాలు కూడా ఉన్నాయి, పెర్లైట్ ముక్కలను కలిపి కుట్టేస్తూ. టబ్బంతా మధ్యాహ్నం గొడవ పెట్టుకుంటుంటే ఆ మూల ఎవరూ చూడకుండా పని పూర్తిచేసేసింది. మీరు మోసగాళ్లేమో అనుకున్నాను. కాదు, బద్ధకస్తులు, అంతే.

అందుకని ఆ మూల మట్టిని కప్పుల్లోకి తీసి ముల్లంగి గింజలు వేశాను. ముల్లంగి తొందరగా మొలుస్తుంది, మొహమాటం లేకుండా నిజం చెబుతుంది. మొలకలు ఆకుల అంచులు మాడకుండా నిలబడితే, ఆ మూల మట్టితోనే చిన్న కుండీలు నింపి నారును అందులోకి మారుస్తాను. మిగతా మీరు ఇంకెన్నాళ్లు మాగాలో మాగండి. వాయిదాలు కోరుకోవచ్చు, కానీ నన్ను తేదీ అడగొద్దు. ఇకమీదట తేదీలు ముల్లంగి చెబుతుంది. వేపపిండి డబ్బా మాత్రం అటక మీదికి ఎక్కించేశాను. కావాలంటే నిచ్చెన తెచ్చుకుని మీరే దించుకోండి.

ఇట్లు,
గోళ్ల సందుల నిండా మిమ్మల్నే పెట్టుకుని తిరుగుతున్న
మీ పోషకుడు