దవడ నొప్పికి పళ్ళు అరగదీయించుకోమంటున్న ఆ మెసేజ్ గురించి

మొన్న మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపించి, "అన్నయ్యా, ఇది నిజమేనా? ఇక్కడ ఒక క్లినిక్‌లో అడిగితే వాళ్ళూ ఇదే అన్నారు, వచ్చే వారం మొదలుపెడదామంటున్నారు" అంది. అదే మెసేజ్ ఆ వారంలోనే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, టెన్త్ క్లాస్ బ్యాచ్ గ్రూపులో కూడా కనిపించింది. చూడనివాళ్ళ కోసం దాని సారాంశం చెప్తాను. నోరు తెరిచినప్పుడు దవడ దగ్గర టక్కుమంటే కీలు అరుగుతున్నట్టేనట, వదిలేస్తే నోరు మూసుకుపోతుందట. దవడ నొప్పికీ, నిద్రలో పళ్ళు కొరకడానికీ అసలు కారణం పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవకపోవడమట. పళ్ళు అరగదీసి సమం చేయించుకుని, అవసరమైతే క్లిప్పులో క్యాపులో వేయించుకుంటే దవడ నొప్పితోపాటు తలనొప్పి, చెవిలో హోరు, మెడనొప్పి కూడా శాశ్వతంగా పోతాయట. అందాకా ఆన్‌లైన్‌లో దొరికే నైట్ గార్డ్ (నిద్రపోయేటప్పుడు పళ్ళకు తొడుక్కునే తొడుగు) పెట్టుకుంటే కొరకడం ఆగిపోతుందట. పిల్లలు కొరికితే మాత్రం నులిపురుగులట, మందు వేస్తే చాలట.

నేను పళ్ళ డాక్టర్నే. మామూలుగా ఇలాంటి ఫార్వర్డ్‌లకు జవాబు రాయను, రాస్తే రోజంతా అదే పని అవుతుంది. కానీ ఈ సలహా విని ఎవరైనా నిజంగానే పళ్ళు అరగదీయించుకుంటే అది వెనక్కి వచ్చేది కాదు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, పోయిన ఎనామెల్, అంటే పంటి మీది గట్టి పొర, మాత్రం పోయినట్టే. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ టక్కు సంగతి. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, కదిలేదే దవడ కీలు. దాని లోపల ఎముకకీ ఎముకకీ మధ్య ఒక మెత్తని డిస్క్ ఉంటుంది. నోరు బాగా తెరిచినప్పుడు కింది దవడ ఎముక ముందుకు జారుతుంది, దానితోపాటు డిస్కూ జారాలి. ఆ డిస్క్ కాస్త ముందుకు జరిగి ఉన్నవాళ్ళలో ఎముక దాని మీదికి ఎక్కేటప్పుడు టక్కుమంటుంది, అంతే. ఏ నొప్పీ లేని మామూలు మనుషులకు ఎంఆర్ఐ తీసినా సుమారు మూడోవంతు మందిలో ఈ డిస్క్ జరిగే ఉంటుంది. ఏళ్ళ తరబడి టక్కుటక్కుమంటూనే హాయిగా మటన్ బొమికలు నమిలేవాళ్ళు ఎంతమందో. చప్పుడు ఒక్కటే ఉంటే వైద్యం అక్కర్లేదు. చప్పుడుతోపాటు నొప్పి ఉంటే చూపించుకోండి. ఇన్నాళ్ళూ వచ్చిన చప్పుడు ఒకరోజు హఠాత్తుగా ఆగిపోయి, నోరు సగమే తెరుచుకుంటుంటే మాత్రం త్వరగా చూపించుకోండి, డిస్క్ అడ్డం పడి ఉండొచ్చు. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయా లేదా అన్నది ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష.

నోరు మూసుకుపోతుందన్న బెదిరింపు గురించి ఒక మాట, ఎందుకంటే మన దగ్గర ఇది చాలా అవసరం. నెలలూ ఏళ్ళూ గడిచేకొద్దీ నోరు మెల్లమెల్లగా తెరుచుకోకుండా పోతున్నవాళ్ళు నా కుర్చీలో కూర్చుంటే నేను మొదట అడిగేది గుట్కా, వక్క గురించి. బుగ్గల లోపలి చర్మం తెల్లబారి గట్టిపడుతుంది, కాస్త కారం తగిలినా భగ్గుమంటుంది. దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు, కొందరిలో అది క్యాన్సర్‌కి దారితీస్తుంది. అలాంటి మనిషి ఈ మెసేజ్ చదివి "నాది దవడ కీలు సమస్య, పళ్ళు సమం చేయించుకుంటే సరిపోతుంది" అనుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. గుట్కా నమిలేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు అది మానేసి నోరు చూపించుకోవాలి.

ఇక అసలు విషయం, పళ్ళ కలయిక సరిగ్గా లేకపోవడమే కారణం అనేది. ఇది ఈ ఫార్వర్డ్ రాసినవాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టర్ పదకొండు మంది రోగులను చూసి ఒక వ్యాసం రాశాడు. వెనక పళ్ళు పోవడం వల్ల దవడ పైకి నొక్కుకుపోయి, చెవి దగ్గర నొప్పి, హోరు, తలనొప్పి వస్తున్నాయని ఆయన అన్నాడు. ఆయన చెప్పిన శరీర నిర్మాణపు వివరణ నిలబడదని తర్వాతివాళ్ళు తేల్చారు. కానీ "దవడ నొప్పి అంటే పళ్ళ సమస్య" అనే ఆలోచన మాత్రం మా వృత్తిలో పాతుకుపోయింది. మరి పాతుకుపోదా, మా చేతిలో ఉన్నది పన్ను అరగదీసే డ్రిల్లు కదా!

దీన్ని పరీక్షించినవాళ్ళూ ఉన్నారు. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం 1984 నాటిది, ర్యూ అనే పరిశోధకుడు, ఆయన జట్టు చేసింది. పళ్ళు కొరికే అలవాటున్నవాళ్ళకు కావాలనే ఎత్తుగా ఉండే క్యాపులు పెట్టి, రాత్రుళ్ళు దవడ కండరం ఎంత పనిచేస్తోందో యంత్రంతో కొలిచారు. పళ్ళు కలవకపోవడమే కారణమైతే కొరకడం పెరగాలి కదా. తీరా చూస్తే దాదాపు అందరిలోనూ తగ్గింది! ఇక అరగదీసి సమం చేయడం సంగతి. 2003లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ, రోగుల మీద చేసిన ఆరు ట్రయల్స్‌ని కలిపి చూసింది, అన్నింట్లో కలిపి దాదాపు నాలుగు వందల మంది. అరగదీయడం దవడ నొప్పిని తగ్గిస్తుందనిగానీ రాకుండా ఆపుతుందనిగానీ ఆధారం దొరకలేదు. అంతకుముందే 1996లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పెట్టిన నిపుణుల సమావేశం కూడా, ముందు వెనక్కి తీసుకోగలిగిన వైద్యాలే చేయండి అని చెప్పింది.

మరి చేయించుకున్నవాళ్ళలో కొందరు తగ్గిందంటారే? నిజమే, తగ్గుతుంది. ఈ నొప్పి స్వభావమే అంత, నాలుగు వారాలు పీడించి తనంతట తనే దిగుతుంది, మళ్ళీ ఎప్పుడో వస్తుంది. మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్ళేది నొప్పి బాగా ముదిరినప్పుడు. ఆ తర్వాత డాక్టర్ ఏం చేసినా, ఏమీ చేయకపోయినా చాలామందిలో కాస్త తగ్గే అవకాశమే ఎక్కువ. పేరు మాత్రం డ్రిల్లుకి దక్కుతుంది.

దాచుకోవడం ఎందుకు, ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఈ పని చేశాను. నీలం కాగితం పళ్ళ మధ్య పెట్టి "కొరకండమ్మా" అనడం, చుక్క పడ్డచోటల్లా కొంచెం కొంచెం అరగదీయడం. ఒక స్కూల్ టీచర్ గారికి మూడు సిట్టింగులు చేశాను. ఆవిడకి నొప్పి తగ్గలేదు సరికదా, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనడం మొదలైంది, పళ్ళు ఎక్కడ కలుస్తున్నాయో అర్థం కావడం లేదని రోజూ అద్దంలో చూసుకునే స్థితికి వచ్చింది. ఆ కాగితం ఎవరి నోట్లో పెట్టినా చుక్కలు పడతాయని, చుక్క పడటం జబ్బు కాదని నాకు బుర్రకెక్కడానికి ఆవిడ పళ్ళు బలయ్యాయి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. నిన్నో మొన్నో వేయించుకున్న సిమెంటో క్యాపో ఎత్తుగా తగులుతుంటే దాన్ని సరిచేయించుకోవడం న్యాయమే, అది మేం పెట్టిన ఎత్తు, మేమే దించాలి. పళ్ళు వంకరగా ఉన్నాయని క్లిప్పులు వేయించుకోండి, పన్ను పోయినచోట నమలడానికి కట్టించుకోండి, తప్పేం లేదు. దవడ నొప్పికి మందుగా మాత్రం వద్దంటున్నాను.

తలనొప్పి, హోరు, మెడనొప్పి అన్నీ శాశ్వతంగా మాయం అన్నదానికి పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున్న లేవగానే కణతల్లో నొప్పి దవడ కండరం వల్ల రావచ్చు, చెవి బాగానే ఉన్నా చెవిపోటులా అనిపించొచ్చు. కానీ అన్నిటికీ ఒకటే మందు అని ఎవరంటున్నా నాకు సంతలో మూలికలమ్మేవాడే గుర్తొస్తాడు. ప్రమాదం ఏమిటంటే దవడలో తెలిసే నొప్పి ప్రతిసారీ దవడది కాదు. నడిస్తేనో మెట్లెక్కితేనో దవడ లాగుతూ, చెమట పట్టి, ఛాతీ బరువెక్కుతుంటే అది గుండె కావచ్చు, పళ్ళ డాక్టర్ దగ్గరికి కాదు, ఎమర్జెన్సీకి వెళ్ళాలి. యాభై దాటినవాళ్ళకు కొత్తగా కణత నొప్పి మొదలై, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలసిపోతూ, చూపు మసకబారుతుంటే అది రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యం చేస్తే చూపే పోవచ్చు.

నైట్ గార్డ్ పెట్టుకుంటే కొరకడం ఆగిపోతుందనేది చదువుకున్నవాళ్ళు కూడా నమ్మేమాట. ఆగదు. పన్ను అరగాల్సినచోట గార్డ్ అరుగుతుంది. ఆ ప్రయోజనం చిన్నదేం కాదు, పళ్ళు విరగ్గొట్టుకుంటున్నవాళ్ళకూ, ఖరీదైన సెరామిక్ క్యాపులున్నవాళ్ళకూ నేనే చేసిస్తాను. కానీ నొప్పి తగ్గించే విషయంలో దాని రికార్డు అంత గొప్పగా లేదు. 2020లో బ్రిటన్‌లో యాభైకి పైగా ట్రయల్స్ కలిపి చూసినా, గార్డ్ వల్ల నొప్పి తగ్గుతుందన్న ఆధారం దొరకలేదు. పోనీ పెట్టుకునేదైనా కొలత తీసి, ల్యాబ్‌లో గట్టి అక్రిలిక్‌తో, పళ్ళన్నిటినీ కప్పేలా చేసినదై ఉండాలి. వేడినీళ్ళలో ముంచి కొరికే మెత్తని రకాన్ని కొందరు చూయింగ్ గమ్‌లా నమలడం మొదలుపెడతారు. ముందు పళ్ళకు మాత్రమే తగిలించే చిన్న ముక్కలైతే మరీ జాగ్రత్త, నెలల తరబడి అతిగా వాడితే వెనక పళ్ళు పైకి పెరిగి ముందు పళ్ళు కలవకుండా పోవచ్చు.

నిద్రలో కొరకడం మొదలయ్యేది పళ్ళ దగ్గర కాదు, మెదడులో. నిద్రలోంచి మెదడు క్షణకాలం పైకి తేలుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరం బిగుసుకుంటుంది. రాత్రి తాగే మద్యం, సిగరెట్లు, పొద్దుపోయాక కాఫీలు దీన్ని పెంచుతాయి. ఫ్లుయోక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు మొదలుపెట్టాక కొందరిలో కొత్తగా వస్తుంది. అలాగని ఎవరూ సొంతంగా మందులు మానేయకండి, రాసిచ్చిన డాక్టర్‌కి చెప్పండి. పెద్దగా గురకపెడుతూ పగలంతా కునికిపాట్లు పడేవాళ్ళయితే గార్డ్ కంటే ముందు నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూసే స్లీప్ టెస్ట్ చేయించుకోవాలి.

పిల్లలూ, నులిపురుగులూ. మా నాయనమ్మా ఇదే అనేది, ఆవిడతో వాదించే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ ఉండేది కాదేమో. బడుల్లో ఫిబ్రవరి 10న ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ళ తప్పకుండా వేయించండి, అది నులిపురుగుల కోసం. నిద్రలో పళ్ళు నూరడం కడుపులో పురుగులున్నాయనడానికి రుజువు కాదు. చిన్నపిల్లల్లో ఇది చాలా మామూలు, పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. నోరు తెరుచుకుని పడుకుంటూ గురకపెడుతుంటే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

ఇంతకీ ఆ మెసేజ్ చెప్పనిది ఒకటుంది, నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం: పగటి పూట పళ్ళు బిగించడం. రోజు మొత్తంలో మన పై పళ్ళూ కింది పళ్ళూ తగిలేది నమలడానికీ మింగడానికీ కలిపి ఓ ఇరవై నిమిషాలు. కానీ డెడ్‌లైన్ ముందు కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్ళని చూడండి, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆటో డ్రైవర్‌ని చూడండి, ఎంసెట్ మోడల్ పేపర్ రాస్తున్న పిల్లల్ని చూడండి, దవడ దగ్గర కండరం ఉబ్బి కనిపిస్తుంది. గంటల తరబడి పిడికిలి బిగిస్తే చెయ్యి నొప్పెట్టదా? ఒకసారి "అమ్మ" అనబోయి "మ్మ" దగ్గర ఆగండి. పెదవులు మూసుకున్నాయి, పళ్ళు తగలడం లేదు, చూశారా? దవడ ఉండాల్సింది అలా. ఫోన్ మోగినప్పుడల్లా, సిగ్నల్ పడినప్పుడల్లా ఒకసారి "మ్మ" అనుకోండి. నొప్పి ఉన్న రెండు మూడు వారాలు పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీలతో సరిపెట్టుకుని చెరకు, జంతికలు, తేగలు, వక్క పక్కన పెట్టండి. వేడి కాపడం పెట్టుకోండి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించండి. తగ్గకపోతే దవడ వ్యాయామాలు తెలిసిన ఫిజియోథెరపిస్ట్ సాయం తీసుకోండి. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు దవడ నొప్పికి గట్టిగా సిఫార్సు చేసింది ఇలాంటివే: వ్యాయామాలు, కండరాల మర్దన, మనసు ఒత్తిడిని సంభాళించే కౌన్సెలింగ్. కండరాన్ని సడలించే, ఈ మధ్య బాగా వినిపిస్తున్న బొటాక్స్ ఇంజెక్షన్‌ని అవి సిఫార్సు చేయలేదు, దాని ప్రభావం కూడా మూడు నాలుగు నెలలే.

మా చెల్లెలికి ఇదంతా ఫోన్లో చెప్పాను, నలభై నిమిషాలు పట్టింది. క్లినిక్‌లో ఒక్కటే ప్రశ్న అడగమన్నాను: "ఇప్పుడు మీరు చేసేది నాకు పడకపోతే, నా పళ్ళు మళ్ళీ ఇప్పుడున్నట్టు చేసి ఇవ్వగలరా?" మర్నాడు వాయిస్ మెసేజ్ పెట్టింది. అక్కడి డాక్టర్ కాసేపు ఆలోచించి, "సరేలెండి, ఒక నెల వ్యాయామాలు చేసి చూద్దాం" అన్నారట.