అభియోగాలా? ఆదర్శమా?

(1776 జూలై 4న ఫిలడెల్ఫియాలో ఆమోదం పొందిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద వాదన. మామయ్య వకీలు. మేనకోడలు తెలుగు టీచరు.)

మామయ్య: ఇది అచ్చం దావా, అమ్మడూ. బ్రిటన్ నుంచి ఎందుకు విడిపోతున్నామో మొదట చెప్పారు. తర్వాత సూత్రం. ఆపైన బ్రిటన్ రాజు మూడో జార్జి మీద 27 అభియోగాలు. ఎంత మొరపెట్టుకున్నా వినలేదన్నారు. చివర, మేం స్వతంత్రులం అన్నారు.

మేనకోడలు: దావా వేసినవాళ్ళే తీర్పిచ్చుకుంటారా మామయ్యా?

మామయ్య: కోర్టు లోకమే. "నిష్పక్షపాతమైన లోకం ముందు పెడుతున్నాం" అని రాసుకున్నారుగా. బలమంతా ఆ అభియోగాల్లోనే ఉంది. చాలావాటికి మొదటి మాట "అతను" అనే. పార్లమెంటు పేరెత్తలేదు, జార్జి అన్న పేరూ లేదు. వేలు ఒక్కడి మీదే. ఏదీ, తెలుగులో పెట్టు.

మేనకోడలు: "మా సముద్రాలు దోచాడు, తీరాలు నాశనం చేశాడు, ఊళ్ళు తగలబెట్టాడు." మనకు దెబ్బ క్రియ మీద పడుతుంది, "అతను" అననక్కర్లేదు. బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆ రాజుతో పాటే ఆ నేరాలూ పాతబడ్డాయి. "మనుషులంతా సమానులుగా పుట్టారు" అన్న ముక్క మాత్రం మిగిలింది. 1848లో అమెరికాలోని సెనెకా ఫాల్స్ ఊళ్ళో హక్కుల కోసం కూడిన ఆడవాళ్ళు దానికి "స్త్రీలూ" అని చేర్చి తమ ప్రకటన రాసుకున్నారు. అభియోగాల్లో చివరిది చూడండి: అక్కడి ఆదివాసుల్ని "దయలేని అనాగరికులు" అంది. దాన్ని ఎవరు ఎత్తుకుంటారు?

మామయ్య: ఎవరూ ఎత్తుకోకూడదు.

మేనకోడలు: బానిసల వ్యాపారం నేరమూ రాజు మీదే మోపాడు చిత్తుప్రతి రాసిన జెఫర్సన్, తన ఇంట్లో బానిసల్ని పెట్టుకుని! ప్రకటనను ఆమోదించిన ప్రతినిధుల సభ, కాంగ్రెస్, ఆ పేరానే కొట్టేసింది.

మామయ్య: దక్షిణ కరోలినా, జార్జియా రాష్ట్రాల కోసం తీసేశారని ఆయనే తర్వాత రాశాడు. సమానులన్న వాక్యం కింద ఆ పేరా ఉండి తీరాల్సింది. అది నాకూ బాధే. అయితే ఒకటి విను. చిత్తుప్రతిలో ఒకచోట ఆయన "సబ్జెక్ట్స్" అని రాశాడు. అంటే రాజు కింద పడి ఉండే జనం. సిరా ఆరకముందే తుడిచేసి, దాని మీదే "పౌరులు" అని దిద్దాడు. అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు 2010లో ఆ మరక కింది మాటను బయటపెట్టారు.

మేనకోడలు: ఏ వాక్యంలో?

మామయ్య: నువ్వు పాతబడ్డాయన్న ఆ అభియోగాల్లోనే.