కంకణం కట్టుకున్న యాత్రికులు

మా బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రం 16 కిలోమీటర్లు. ఈ సంగతి తెలిసి కూడా మా బావగారు ఈ ఏడాది సముద్రం చూడటానికి మాల్దీవులు వెళ్లొచ్చారు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు, తిండీ తాగుడూ పడకా పడవా అన్నీ ప్యాకేజీలోనే. సముద్రం ఎలా ఉంది బావగారూ అని అడిగాను. కాసేపు గుర్తుచేసుకుని, "బాగానే ఉంది బావా, బఫేకి ఎడం పక్కన ఉంటుంది" అన్నారు.

ఇది నవ్వి వదిలేసే మాట కాదు. ఇలాంటి ప్యాకేజీలు జనం ఎందుకు కొంటారని అడిగితే ఖర్చు ముందే తెలుస్తుందనీ, పిల్లలతో సుఖమనీ చెబుతారు. అవన్నీ పైపై కారణాలు. అసలు కారణం తెలియాలంటే ఒక ఆదివారం సాయంత్రం గోపాల్‌పూర్ వెళ్లి చూడాలి.

బస్సా, ఆటోనా? ఆటో అయితే బేరం ఒడియాలోనా, తెలుగులోనా? (1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లిన ఊరు మాది. బేరం ఒడియాలో మొదలుపెట్టి, కుదరకపోతే తెలుగులో తిట్టుకుంటూ నడవడం మాకు మూడు తరాలుగా అలవాటు.) చేప వేపుడు ఏ బండి దగ్గర తినాలి? నీళ్లలోకి దిగితే చెప్పులకు కాపలా ఎవరు? ఇన్ని నిర్ణయాలు తీసుకుని ఇంటికొస్తే మా అక్క మంచం మీద కూర్చుని లెక్క తీస్తుంది: "మనం ముగ్గురమే కదండీ, మొక్కజొన్న పొత్తులు నాలుగెందుకు కొన్నట్టు?" ఆ నాలుగో పొత్తు గురించి వాళ్లింట్లో రెండు రోజులు మాటల్లేవు.

ప్యాకేజీలో నాలుగో పొత్తు సమస్య రాదు. పన్ను పీకించుకున్నట్టు బాధంతా ఒకేసారి, ఆర్నెల్ల ముందే అయిపోతుంది. ఆ తర్వాత ఏది తిన్నా ఉచితం అనిపిస్తుంది. మనిషి లక్షలు పోసి కొనుక్కునేది సముద్రం కాదు, జేబులో చెయ్యి పెట్టక్కర్లేని అయిదు రోజులు. పైగా మాల్దీవుల్లో మామూలుగా ఒక దీవికి ఒకే రిసార్టు. బయట కొట్టు లేదు, బండి లేదు, ఆటో అసలే లేదు. ఇంకేదైనా చవగ్గా దొరికేదేమోనన్న అనుమానానికి చోటే లేదు.

దిగగానే చేతికి ఒక బ్యాండ్ తొడిగారట. పెళ్లికొడుకు కంకణంలాగే, తంతు ముగిసేదాకా విప్పకూడదు. తెలుగువాడికి కంకణం కట్టాక ఊరుకుంటాడా? బావగారు మొదటి రాత్రే కట్టిన డబ్బుని రోజులతో, రోజుని పూటలతో భాగించి, ఒక్క టిఫిన్ ఎగ్గొడితే ఎంత నష్టమో తేల్చారు. ఇంట్లో రెండు ఇడ్లీలతో సరిపెట్టుకునే మనిషి అక్కడ పొద్దున్నే మూడుసార్లు లేచి పళ్లెం మార్చారు. ఆయన షుగర్ మాత్రలు మాత్రం ప్యాకేజీలోకి రాలేదు, ఇంటినుంచే పట్టుకెళ్లారు.

హోటలు వాళ్లూ లెక్క తెలిసినవాళ్లే. బఫే వరసలో ముందు రొట్టెలు, అన్నం, బంగాళాదుంపలు పెడతారు. రొయ్యలు ఎక్కడో చివర ఉంటాయి. పళ్లేలు చిన్నవి. రొయ్యల దగ్గరికి చేరేసరికి పళ్లెంలో జాగా ఉండదు. బంగాళాదుంపల చేతిలో ఓడిపోయి, రిసార్టుని ముంచేశానని బావగారు ఇప్పటికీ సంబరపడుతున్నారు. చిలికా సరస్సు రొయ్యలు మా బజార్లో గంపల్లో దొరుకుతాయన్న సంగతి నేను ఎత్తలేదు, పెద్దాయన.

ఈ ప్యాకేజీల వంశచరిత్ర కూడా చెప్పుకోవాలి. 1841 జూలై 5న థామస్ కుక్ అనే ఆయన మనిషికి ఒక షిల్లింగు తీసుకుని సుమారు 500 మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకి రైల్లో తీసుకెళ్లాడు. ఎందుకు? మద్యం మానమని చెప్పే సభకి. 1950లో గెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం ఆయన స్పెయిన్‌ దీవి మయోర్కాలో డేరాలు వేసి, బస, భోజనం, ఆటలు కలిపి ఒకే ధరకు అమ్మాడు. అదే క్లబ్ మెడ్ అనే విహారయాత్రల కంపెనీ. ఆ మయోర్కాలోనే తాగుబోతు యాత్రికుల గోల భరించలేక 2020లో అక్కడి ప్రభుత్వం కొన్ని బీచ్ ఊళ్లలో ఇలాంటి ప్యాకేజీవాళ్లకి రోజుకి ఆరు గ్లాసులే అని చట్టం చేసింది. మధ్యాహ్నం భోజనంతో మూడు, రాత్రి భోజనంతో మూడు. తాగుడు మాన్పించడానికి రైలెక్కిన వ్యాపారం చివరికి సర్కారు చేత గ్లాసులు లెక్కపెట్టించింది.

కానీ ఈ ఘనత కుక్కుకీ బ్లిట్జ్‌కీ ఇవ్వడం నాకిష్టం లేదు. "భోజన వసతులతో సహా" అన్న మాట మన కాశీ యాత్రా బస్సుల మీద ఎప్పటినుంచో ఉంది. బస్సు నెత్తిన గంగాళాలు, గ్యాస్ స్టవ్, బియ్యం బస్తాలు, వెనక సీట్లో వంటవాడు. ఎక్కడ ఆపాలో, ఎప్పుడు మునగాలో, ఏ పూట పులిహోరో అన్నీ బస్సాయనే చూసుకునేవాడు. మా మామ్మ అలాగే కాశీ, గయ, ప్రయాగ చూసొచ్చింది. గంగ ఎలా ఉంది మామ్మా అని చుట్టూ చేరితే, "గంగకేం, బాగానే ఉంది. ఆ వంటవాడు చారు మాత్రం అమృతంలా కాచాడు" అంది. బావగారు మా రక్తం కాకపోయినా మా సంప్రదాయమే.

ఈ సుఖంలో నలిగిపోయింది మా అక్క ఒక్కతే. అయిదు రోజులు ఏ వస్తువుకీ ధర లేదు, బేరమాడటానికి మనిషి లేడు. ఉచితంగా ఇచ్చే తువ్వాళ్ల దగ్గర కూడా ఒకటికి రెండు ఇస్తావా అని అడిగి చూసిందట, వాడు నవ్వి మూడిచ్చాడు. ఆమెకి ఏడుపొచ్చింది. బరంపురంలో దిగిన మర్నాడే సంచీ పట్టుకుని బజారుకెళ్లి, అరకిలో వంకాయల దగ్గర అరగంట నిలబడి, మొహం కళకళలాడుతూ తిరిగొచ్చింది.

బావగారు మాత్రం ఇంకా బ్యాండ్ విప్పలేదు. మొన్న మా ఇంటికి భోజనానికి వచ్చారు. మూడోసారి పప్పు వడ్డించబోతూ, మొహమాటానికి చెయ్యి అడ్డం పెడతారని మా ఆవిడ గరిటె పట్టుకుని ఆగింది. ఆయన కంకణం చెయ్యి పక్కకి తీసి, పళ్లెం ఇంకొంచెం ముందుకి జరిపారు.