జేసీబీ పంటికి దొరికిన కేబుల్

హన్మకొండ గల్లీల్లో కరెంటు తీగలను భూమిలోకి దింపుతామంటే కాదనేదెవరు? వినాయకుడి ఊరేగింపులో వెదురుబొంగుతో వైర్లెత్తే పిలగాడికి ఇక సెలవు అనుకున్నాం. కానీ స్తంభాలు తీయరట, ఇంటర్నెట్ వైర్లు వేలాడాలి కదా! బొంగు దించకు తమ్మీ.

11 కేవీ కేబుల్‌కు కందకం 90 సెంటీమీటర్ల లోతుండాలి. అడుగున మూడంగుళాల ఇసుక, కేబుల్ మీద మళ్లీ ఇసుక, ఆపైన ఇటుకలో కాంక్రీటు పలకలో, హెచ్చరిక టేపు. మనది ఏకశిలా నగరం, మోకాలి లోతుకే రాయి తగులుతుంది. ఆ తీసిన రాళ్లతోనే పూడుస్తారు. ఇసుక ఎవరి ఇంటి స్లాబులో ఉందో అడగొద్దు.

నెల తిరగకముందే నల్లా పైపు కోసం జేసీబీ దిగుతుంది. కేబుల్ జాడ చెప్పాల్సిన రూట్ మార్కరు రాయి అప్పటికే ఎవరి గేటు ముందో మెట్టయింది. కేబుల్ తెగితే నయం, వెంటనే తెలుస్తుంది. పన్ను గీరుకుంటేనే ముప్పు. డ్రైవరు గప్‌చుప్‌గా మట్టి కప్పి పోతాడు. తొలి వానకు ఆ గీతలోంచి నీళ్లు దిగి ఫీడరు, అంటే గల్లీలకు కరెంటు తెచ్చే లైను, ట్రిప్పవుతుంది.

తెల్లారి ఫాల్టు వెతికే వ్యాను వస్తుంది. ఒక చివర నుంచి కేబుల్‌లోకి హైవోల్టేజి దెబ్బలు వదిలితే, ఫాల్టున్న చోట భూమిలో ధబ్ మంటుంది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి మైకును రోడ్డుమీద అడుగడుగునా ఆనిస్తూ నడుస్తాడు. వెనుక గల్లీ గల్లీ అంతా, శవయాత్రలా మౌనంగా. ధబ్.

"దొరికిందా అన్నా?"

"ఆగుండ్రి. కరెంటు లేదు గదా, ఎవరో రోట్ల అల్లమెల్లిగడ్డ దంచుతున్నరు."

మళ్లీ మొదటి నుంచి.

దొరికాక జాయింటు. ఎక్స్ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఇన్సులేషన్ మీది నల్లపొరను లోపల గీత పడకుండా ఒలవాలి, వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టాన్ని నడిమి నుంచి చివరలకు మంటతో బిగించాలి. ఈ పనంతా వానలో, నలుగురు ఎత్తిపట్టిన నాయకుడి ఫ్లెక్సీ కింద! చుక్క నీరు లోపల మిగిలినా అక్కడే మళ్లీ పేలుతుంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కేబుల్ నుంచి ఇళ్లకు కరెంటు పంచే పిల్లర్ బాక్సు దగ్గర నవ్వు రాదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో నయీంనగర్‌లో ఎవరినడిగినా చెయ్యెత్తి చూపిస్తారు. అలాంటి చోట దిమ్మె లేకుండా, నేలకానించి బాక్సు పెడతారా? లోపల 415 వోల్టులు, తలుపుకు తాళం బదులు బైండింగ్ వైరు, ఎర్తు తీగ ఊడి వేలాడుతోంది. బడిపిల్లలు మోరీ దాటుతూ ఆసరాకు పట్టుకునేది ఆ తలుపునే. నడుమెత్తు దిమ్మెకు ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందయ్యా మీకు?